దేవకృపమ్మ నాలుక

"నేనేసిన ఉప్పు ఏడబోయింది?... చెప్పు పిల్లా, ఏడబోయింది!"

దేవకృపమ్మ విసిరిన కంచం వంటింటి గడప దాటి, వరండా దాటి, పెరట్లో మునగచెట్టు మొదట్లో గిరగిరా తిరిగి ఆగింది. ఆ చప్పుడు విని లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనివాళ్ళంతా పని ముగిసే బడా గంట కొట్టారనుకుని, పనిముట్లు కిందపెట్టి ఇళ్ళకు బయలుదేరారని చెప్పేవాళ్ళున్నారు. అంత కాకపోయినా, పక్క క్వార్టరులో రిటైరైన గార్డు భద్రయ్యగారి నోట్లో బీడీ జారి పంచె మీద పడ్డమాట మాత్రం నిజం!

కోడలు సువార్త గోడకు ఆనుకుని బిగుసుకుపోయింది. ఆమె చేతిలో ఒక సత్తుగిన్నె... ఆ గిన్నెలో ఉప్పు వెయ్యని పప్పుచారు! సగం అప్పటికే పొయ్యి మీది గిన్నెలోకి వంపేసింది, సగం ఇంకా మిగిలి ఉంది. అత్తగారు ముందుగదిలో భోజనానికి కూర్చున్నారు కదా, ఇటు రారు కదా అనుకుంది పాపం! దొంగ చేతిలో సొత్తులాగా ఆ గిన్నె పొగలు కక్కుతూ ఉంది...

"చూసినవారా శేఖరూ! నీ పెండ్లాం చేసే పని చూసినవా! నేను చార్ల ఉప్పేసి పోతే, ఎనకకెళ్ళి చప్పటి చారు తెచ్చి కలుపుతున్నది! ముసల్దాని నోటికి ఇంత ఉప్పు సుత దక్కనియ్యదట! ఉడికిన చార్లకెళ్ళి ఉప్పు మాయం చేసే విద్య మీ బందరు దిక్కు బడిలనే నేర్పుతరా ఏంది?"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, నల్లా దగ్గర చేతుల మసి కడుక్కుంటున్న జ్ఞానశేఖర్ తడిచేతులతోనే లోపలికి వచ్చాడు. తల్లి ముఖం చూశాడు. భార్య చేతిలో గిన్నె చూశాడు.

"నిజమేనా? కలిపినవా?"

"కలిపానండీ..."

"ఎందుకు?"

ఎందుకో చెప్పగలిగితే ఈ కథే లేదు కదమ్మా! చెబితే ఒక్క మాట... ఆ ఒక్క మాటతో అత్తగారి బతుకంతా కూలిపోతుంది. అందుకని ఆ పిచ్చితల్లి తల దించుకుని, కన్నీళ్ళు మాత్రం చారులో పడకుండా గిన్నె పక్కకు జరిపింది. అందులోకి ఇంకెంత ఉప్పు చేరినా ప్రమాదమే మరి!

* * *

దేవకృపమ్మ నాలుక అంటే అందరి నాలుకల్లాంటిది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె నాలుక మీద ఒక్క చారు చుక్క వేస్తే, చింతపండు ఏ ఊరి చెట్టుదో చెప్పి, ఆ చెట్టుకు ఎవరి ఎద్దును కట్టేస్తారో కూడా చెప్పేదట! బొల్లారంలో ఒక దొర బంగళాలో ఆమె సూపు రుచి చూసి, "ఈ గొర్రె నిన్న మస్తుగ ఏడ్చింది" అన్నదట. దొరసాని విచారణ చేయిస్తే నిజమేనట! నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

కానీ ఒక్కటి మాత్రం అందరూ నమ్మి తీరాలి. లాలాగూడ గుడిలో పెళ్ళి విందైనా, కోతపండుగైనా, క్రిస్మస్ విందైనా, పెద్ద డేగిసా పొయ్యి దిగగానే అయ్యగారు ప్రార్థన చేసేవారు. ఆ తర్వాత ఎవరూ కదిలేవారు కాదు. దేవకృపమ్మ తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని, గరిటెతో ఇంత పులుసు ఎడమ అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించేది. గుడి ఆవరణంతా ఊపిరి బిగబట్టేది. పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు! ఆమె కళ్ళు తెరిచి "ఇగ కానియ్యుండ్రి" అంటేనే విస్తర్లు పడేవి. ఉప్పు చూడటం అనేది ఆ సంఘంలో పెద్ద ఆడమనిషికి ఇచ్చే మర్యాద. పెనిమిటి పోయి, నగలు పోయి, నడుము వంగినా... ఆ విధవరాలికి మిగిలిన కిరీటం అదొక్కటే!

అయితే ఎంత గట్టి కత్తికైనా పదును తగ్గే రోజు వస్తుంది కదా. అరవై దాటాక దేవకృపమ్మ నాలుక మీది రుచులు ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాయి. ముందు ఉప్పు పోయింది. తర్వాత చేదు పోయింది. జన్మలో కాకరకాయ ముట్టని మనిషి, "ఈ నడుమ కాకరకాయలు మంచిగొస్తున్నయి, చేదు సుత లేదు" అని రెండోసారి వడ్డించుకునేది! తీపి ఒక్కటే నమ్మకంగా మిగిలింది. మనవరాలు మేబెల్ చేతిలో బెల్లంముక్క కనబడితే సగం విరిచి తన నోట్లో వేసుకునేది. "పండ్లు లేవు, పాలపండ్ల పిల్లతోని పోటీ!" అని భద్రయ్యగారు గోడ అవతలి నుంచి నవ్వేవారు.

తన నాలుక మారిందని మాత్రం ఆమెకు తోచలేదు. ఎలా తోస్తుంది? సరిగ్గా అదే ఏడు, ఇండియా యూనియన్‌తో తగవు ముదిరి, హైదరాబాదు సంస్థానం సరిహద్దులన్నీ బిగుసుకుపోయాయి. అవతలి నుంచి సరుకులు రావడం ఆగింది. సముద్రపు ఉప్పు కంటికి కనబడకుండా పోయి, బూడిదరంగు చౌడు ఉప్పు దుకాణాల్లోకి వచ్చింది. ఇంకేం! నేరమంతా ఆ ఉప్పు నెత్తినే పడింది.

"గీ ఉప్పుల దమ్ములేదు" అన్నది దేవకృపమ్మ.

"జర్రంత సుత లేదక్కా" అన్నది సంఘంలో ఆమె తర్వాత పెద్దదైన బుచ్చమ్మ.

"దోసెడు ఉప్పు తిన్నా నాలుకకు ఎరుకైతలేదు, రజాకార్లు దాన్ని సుత ఉతికి అమ్ముతున్నరు!" అన్నారు భద్రయ్యగారు.

ఇలా పెద్దలంతా కలిసి ఉప్పు మీద తీర్మానం చేశారు. చాలా ఇళ్ళల్లో కొడుకులూ కోడళ్ళూ మాత్రం అన్నం తినగానే కుండ దగ్గరికి పరుగెత్తి చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవారు! ఉప్పు చప్పబడిందన్న వాళ్ళందరికీ తల నెరిసిపోయి ఉందన్న సంగతి లాలాగూడ మొత్తంలో ఒక్కరు కూడా కనిపెట్టలేదు...

ఒక్కరు కనిపెట్టారు. సువార్త!

బందరులో ఆమె అమ్మమ్మకూ ఇలాగే అయింది. మనవలు "అమ్మమ్మకి నాలిక చచ్చిపోయిందిరోయ్!" అని గేలి చేస్తే, ఆ ముసలామె ఆ రోజు నుంచి వంటింట్లో అడుగుపెట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుని, ఆ సంవత్సరం తిరక్కుండానే వెళ్ళిపోయింది. అది సువార్త కళ్ళతో చూసింది. అందుకే అత్తగారి సంగతి తెలిసిన నాటి నుంచి నోరు కుట్టేసుకుంది. కూర సగం ఉప్పు లేకుండా వేరే గిన్నెలో దాచేది. అత్తగారు వచ్చి, తన అలవాటు చొప్పున ఉప్పు వేసి, రుచి చూసి, "చాలలే" అని మళ్ళీ వేసి, మళ్ళీ వేసి వెళ్ళగానే, దాచింది తెచ్చి కలిపేది. ఇంటిల్లిపాదీ తినగలిగేది అందువల్లనే! కానీ అత్తగారి నోటికి మాత్రం ఆ కూర చప్పిడి. "చప్పిడి సువార్త" అని సంఘమంతా పేరు పడిపోయింది. ఆ పేరును ముత్యాలహారంలాగా మెడలో వేసుకుని తిరిగింది ఆ ఇల్లాలు!

ఎందుకంత ప్రేమ అంటారా? మేబెల్ పుట్టినప్పుడు సువార్త మంచాన పడి, నీళ్ళు కూడా కక్కుకుని, ఆశ వదిలేసిన మనిషి. దేవకృపమ్మ మంచం పక్కనే కుంపటి పెట్టుకుని, మిరియాలచారు కాచి, చెంచాడు తను చప్పరించి చూసి, చెంచాడు కోడలి నోట్లో పోస్తూ, "నా నాలుక మీద ఒట్టు, గిది నీ కడుపుల నిలుస్తది బిడ్డా" అన్నది. నిలిచింది! ఆ నాలుక పోయిందని ఆ కోడలు ఎలా చెబుతుంది?

మొగుడికి మాత్రం ఒకసారి చెప్పబోయింది. "మా అమ్మ నాలుకను అంటున్నవా!" అని అతను అరిచిన అరుపుకు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

* * *

కంచం విసిరిన రోజు సాయంత్రం జ్ఞానశేఖర్ భార్య ముఖం చూడకుండా చెప్పాడు. అప్పటికి పోలీసు చర్య ముగిసింది. పటాలాలు సికింద్రాబాదులోకి వచ్చాయి, జనం భయం తీరి వీధుల్లోకి వచ్చారు.

"బెజవాడ బండ్లు మళ్ళ షురూ అయినయి. మీ నాయనకు కబురు పెట్టిన. వచ్చి తీస్కపోతడు. అమ్మ మనసు కుదుటపడేదాంక అక్కడనే ఉండు."

"ఎన్నాళ్ళండీ?..."

"తెల్వది. మేబెల్ మాత్రం ఇక్కడనే ఉంటది. అమ్మ దాన్ని ఇడిసి ఉండలేదు."

బండి నడిస్తే చాలు, పుట్టింటి వాళ్ళను చూస్తే చాలు అని నెలల తరబడి మొక్కుకున్న మనిషి సువార్త... ఆ బండే తన బిడ్డను తన ఒడిలోంచి లాగేస్తుందని ఏనాడైనా అనుకుందా! "దేవా, ఆ రైలు పట్టాలు అలాగే తెగి ఉంటే బాగుండేదే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లోపలి నుంచి దేవకృపమ్మ కేక వేసింది. "వస్త వస్త సముద్రపు ఉప్పు తెమ్మని చెప్పు లూకా తమ్మునికి! మంచి ఉప్పు పడ్డంక కూర ఎవరు చెడగొడుతున్నరో లోకమంత చూస్తది!"

* * *

సువార్త తండ్రి లూకా గుడివాడ దగ్గర మిషను బడిలో పంతులు. శనివారం మధ్యాహ్నం భుజాన ఉప్పుసంచితో దిగాడు. మర్నాడు ఆదివారం గుడిలో శాంతి వచ్చినందుకు కృతజ్ఞతారాధన, ఆ తర్వాత సంఘానికంతా విందు. విందయ్యాక సాయంత్రం బండికి కూతుర్ని తీసుకుని ఆయన బయలుదేరాలి. పాపం ఆయన వియ్యపురాలితో వాదించలేదు. "అక్కయ్యగారూ, మా అమ్మాయి పొరపాటు చేస్తే క్షమించండి" అని మాత్రం అని, సంచి మంచం కిందికి తోసి, నల్లా దగ్గర ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు.

దేవకృపమ్మ అప్పటికే వరండాలో కచేరీ పెట్టింది. బుచ్చమ్మ వచ్చింది, భద్రయ్యగారు వచ్చారు. "సువార్తా! ఉప్పు తే!" అని కేకపెట్టింది.

సువార్త లోపల పెట్టె సర్దుకుంటోంది. చీరలు మడతపెడుతుంటే మధ్యలో మేబెల్ గౌను ఒకటి వచ్చింది. దాన్ని పెట్టెలో పెట్టుకోవాలో బయట పెట్టాలో తెలియక, ముఖానికి అదుముకుని కూర్చుంది... అత్తగారి కేక వినగానే కళ్ళు తుడుచుకుని, ఏ ఉప్పో ఆలోచించకుండానే వంటింటి జాడీలోంచి పళ్ళెంలో ఇంత పోసి తెచ్చి పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

భద్రయ్యగారు ముందుగా చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. కళ్ళు గిరగిరా తిప్పారు.

"అబ్బబ్బబ్బ! ఇదీ ఉప్పంటే! నాలుక మీద పడంగనే సముద్రం హోరు చెవుల ఇనపడ్డది!"

బుచ్చమ్మ ఊరుకుంటుందా? "నాకైతే ఓడ సుత కనపడ్డది! తెరచాప ఎత్తుకొని ఒస్తున్నది!"

"చూస్తిరా? నేను చెప్పలే? తప్పంత ఆ చౌడు ఉప్పుదే!" అంటూ దేవకృపమ్మ తానూ వేసుకుంది. చప్పరించింది. కళ్ళు మూసుకుంది. ఆమె ముఖం మీద ఏదో నీడ కదిలి... "ఊఁ... తెలుస్తున్నది... జెర తెలుస్తున్నది" అన్నది మెల్లిగా.

అప్పుడే లూకా తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. పళ్ళెం చూశాడు. "అదేమిటక్కయ్యగారూ, అప్పుడే రుచి చూస్తున్నారా? నేను తెచ్చిన సంచి కుట్టు ఇంకా విప్పనేలేదే!"

"భార్యామణి పిలుస్తున్నది" అని భద్రయ్యగారు లేచారు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. బుచ్చమ్మ తన ఓడెక్కి అటునుంచి అటే వెళ్ళిపోయింది!

దేవకృపమ్మ లేచింది. మంచం కింది సంచి తానే లాగి, కుట్టు పటుక్కున తెంపింది. తెల్లగా మెరిసే రాళ్ళ ఉప్పు! ఒక రాయి నోట్లో వేసుకుంది. ఇంకోటి వేసుకుంది. గుప్పెడు తీసి కుక్కుకుంది. బియ్యపుగింజలు నమిలినట్టు నమిలింది... నమిలి, నమిలి, ఆగిపోయింది.

"మేబెల్... ఇటు రా బిడ్డా. నోరు తెరువు."

జాడీ ఉప్పు ఒక పలుకు నాలుక మీద పెట్టింది. పిల్ల ముఖం చింతపండులా ముడుచుకుపోయింది. సంచిలో ఉప్పు పెట్టింది. మళ్ళీ అంతే!

"థూ! రెండూ ఉప్పే నానమ్మా! నీళ్ళు!..."

జ్ఞానశేఖర్ తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు. భార్య ఒకనాడు చెప్పబోయి ఆగిపోయిన మాట, తాను అరిచిన అరుపు... రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయేమో, ఒక్క అడుగు ముందుకు వేశాడు. "అమ్మా..." అన్నాడు.

"నువ్వు సప్పుడు జెయ్యకు" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

* * *

లోపలి నుంచి అంతా విన్న సువార్త వెనకాలే పరుగెత్తింది. అత్తగారు పొయ్యి ముందు కూలబడి ఉంది. అంత పెద్ద మనిషి, చిన్నపిల్లలా ముడుచుకుపోయి ఉంది...

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"పోయిన క్రిస్మస్ నుంచి అత్తయ్యా."

"గప్పటిసంది... ఎనకకెళ్ళి సదురుతున్నవా?"

సువార్త తల ఊపి, ఆమె పక్కన కూర్చుంది.

"చప్పిడిదానివని అందరు నవ్విరి. నేను సుత నవ్వితి. కంచం ఇసిరితి. ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టేదాంక వస్తి. బిడ్డను గుంజుకునేదాంక వస్తి! నోరు లేదానే నీకు? ఒక్కమాట అనకపోతివా, ముసల్దానా నీ నాలుక సచ్చిందని!"

"ఆ నాలుకే కదత్తయ్యా నన్ను బతికించింది!" అంటూ సువార్త ఆమె ఒడిలో తల పెట్టి బావురుమన్నది. "నా నోటితో ఆ మాట ఎలా అనమంటారు? చప్పిడిదాన్నంటే నాకేం పోయింది?... మీరు గోడవైపు తిరిగి పడుకుంటే నేను చూడలేను!"

దేవకృపమ్మ ఆ తలను రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరి కన్నీళ్ళూ ఎంత ధారగా కారాయంటే, ఆ రోజు వంటింట్లో చీమల బారు దారి మార్చుకుందని చెబుతారు!

కాసేపటికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని అన్నది. "రేపు డేగిసా కాడికి నేను పోను. సంఘమంత పస్తుండి మిలిటరీ వచ్చిందని పండుగ చేస్కుంటున్నరు. వాళ్ళ నోట్ల ఉప్పునీళ్ళు పొయ్యలేను. బుచ్చమ్మను చూడుమంట."

"బుచ్చమ్మగారా! ఆవిడకి ఇందాకే ఓడ కనబడింది అత్తయ్యా!"

ఏడుస్తున్న అత్తగారికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే మళ్ళీ ఏడుపొచ్చింది. "నవ్వకే... నాకు ఇగ ఈ ఇంట్ల పనేమున్నది చెప్పు? గుళ్ళె పనేమున్నది?"

అంతలో పెరటి గుమ్మంలో గాజుల చప్పుడైంది. భద్రయ్యగారి భార్య శ్యామలమ్మ! మొగుడు ఇంటికి వచ్చి ఏదో అతికించి చెప్పినట్టున్నాడు. ఆమె ఆ మాటలన్నీ వడబోసి, అసలు సంగతి పట్టుకుని వచ్చింది.

"నువ్వొక్కదానివే పోగొట్టుకున్నట్టు ఏడుస్తవేంది దేవకృపా? నా నాలుక సుత పోయి ఎన్నేండ్లాయె!"

అత్తాకోడళ్ళిద్దరూ తలెత్తి చూశారు. శ్యామలమ్మ వంటకు ఆ వీధిలో పేరు. ఆమె పులిహోర ఏనాడూ తప్పిందే లేదు!

"మరి నీ వంట..."

"నేను రుచి చూస్తనా? దేవునికి పెట్టకముందు నాలుక మీద పెడితే ఎంగిలి కాదా? పెండ్లయి వచ్చినసంది చేతితోని ఏసుడే. చెయ్యి ఎంతంటే గంత. తిన్నంక నాకు చప్పగనే ఉంటది. మా ఆయన సుత చప్పగున్నదనే గులుగుతడు. ఆయన మాట ఇని మళ్ళ ఉప్పేస్తే ఇల్లు సముద్రమైతది! మీరు నాలుకను నమ్ముకున్నరు. నేను చెయ్యిని నమ్ముకున్న. చెయ్యికి ముసలితనం రాదు పిచ్చిదానా!"

సువార్త ఉలిక్కిపడింది. ఎన్ని నెలలుగా అత్తగారి వెనక నిలబడి చూసింది! పెద్దామె గిన్నె ముందుకు వచ్చి, ఇటూ అటూ చూడకుండా మొదటి పిడికిలి వేసేది. అప్పుడు రుచి చూసేది. "చాలలే" అనేది. రెండోది వేసేది... మూడోది వేసేది... మొదటి పిడికిలి తర్వాత సువార్త కూడా ఒకటి రెండుసార్లు దొంగచాటుగా నాలుక మీద వేసుకుని చూసింది. అది సరిపోయేది! ఎప్పుడు చూసినా సరిగ్గా సరిపోయేది! ఆ చేతిని ఆ నాలుకే చెడగొట్టింది...

"అత్తయ్యా! రేపు మీరే వెయ్యండి. ఒక్కసారే వెయ్యండి. రుచి మాత్రం చూడకండి!"

"చూడకుండ ఎట్ల? గది నా మర్యాద. అందరు చూస్తుంటరు గద."

* * *

ఆదివారం గుడి ఆవరణలో మాంసం డేగిసా దిగింది. అయ్యగారు ప్రార్థన చేశారు. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. ఆ వెనక, తాడు కట్టిన పెట్టె పక్కన లూకా నిలబడి ఉన్నాడు. "నేను చేసిన దానికి నాకు నోరు లేదు. అమ్మ ఏమంటే గదే" అని పొద్దున్న జ్ఞానశేఖర్ మామగారితో ఒక్క మాట అన్నాడంతే. ఆ అమ్మ ఏమీ అనలేదు! కోడలి వైపు చూడను కూడా లేదు... తాడు కట్టేటప్పుడు కూడా ఆపలేదు! మేబెల్ చెయ్యి పట్టుకుని నిలబడ్డ సువార్తకు, ఆ చెయ్యి ఇంకా ఎంతసేపు తన చేతిలో ఉంటుందో తెలియదు.

దేవకృపమ్మ వచ్చింది. తెల్లచీర, దోపిన కొంగు. ఉప్పు పాత్రలో చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఆ ముడతల చెయ్యి గాలిలో ఒక్క క్షణం బరువు చూసుకున్నట్టు ఆగి... డేగిసా చుట్టూ ఒక్క తిప్పు తిరిగింది. కొంగ రెక్క విప్పి వాలినట్టుగా ఉప్పు రాలింది. అంత వయసులో, అంత అవమానంలో, ఒక్క పలుకు బయట పడలేదు! ఆ చేతిని చూసి బుచ్చమ్మ కూడా నోరు తెరిచింది.

గరిటె తిప్పారు. ఇక ఉప్పు చూడాలి. దేవకృపమ్మ ఎడమ అరచేతిలో పులుసు వేసుకుంది. పెదవుల దాకా తెచ్చుకుంది... ఆవరణంతా ఊపిరి బిగబట్టింది. ఆమె చెయ్యి దించింది.

"సువార్తా! ఇటు రా!"

సువార్త భయపడుతూ వచ్చింది. అందరి ముందూ ఆ అరచెయ్యి కోడలి నోటి దగ్గరికి వెళ్ళింది.

"చూడు బిడ్డా."

సువార్త ఆ అరచేతిలోంచి పులుసు పీల్చింది. కళ్ళు మూసుకుంది. కారం, పులుపు, కొత్తిమీర... వాటి నడుమ ఎక్కడా తల ఎత్తకుండా, ఎక్కడా లేకుండా పోకుండా, ఇంటి పెద్దలాగా కూర్చున్న ఉప్పు! అంతకంటే ఒక్క పలుకు వద్దు, ఒక్క పలుకు తగ్గొద్దు! తల ఊపింది.

"గట్టిగ చెప్పు!"

"సరిపోయింది అత్తయ్యా!... సరిగ్గా సరిపోయింది!"

దేవకృపమ్మ అందరి వైపూ తిరిగింది. వంగిన నడుము నిలబెట్టుకుంది.

"ఇనుండ్రి! నా నాలుక పోయింది. ఉప్పు తెలుస్తలేదు, చేదు తెలుస్తలేదు. కోడలు చప్పిడిది కాదు, నేనే చప్పబడ్డ. గీ పిల్ల నా మర్యాద కోసమని చప్పిడిదన్న పేరు మోసుకుంట తిరిగింది. గా పేరు నలుగురి ముందట్నే తియ్యాలని ఇప్పటిదాంక ఆగిన. మా ఇంట్ల ఇగ ఉప్పేసే చెయ్యి నాది, చూసే నాలుక దీనిది. ఎవరికన్న తక్లీఫ్ ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి!"

ఎవరికీ లేదు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంత ధైర్యంగా తన లోటు తానే చెప్పుకున్న పెద్దమనిషిని ఆ గుడి అదివరకు చూసి ఉండదు!

"లూకా తమ్ముడూ!" అని ఆమె మళ్ళీ కేకవేసింది. "ఉప్పు మంచిగుందయ్యా, నా మనుమరాలు చూసి చెప్పింది. సంచి ఉంచి పో. నీ బిడ్డను సుత ఉంచి పో!"

లూకా చేతులు జోడించాడు. జ్ఞానశేఖర్ వెళ్ళి పెట్టె తాడు ముడి విప్పడానికి కూర్చున్నాడు. అది ఊడిరాలేదు. పళ్ళతో లాగాడు. మేబెల్ "నాన్న తాడు తింటున్నాడు!" అని అరిచింది. సువార్త పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ బిడ్డను ఎత్తుకుంది.

"ఇగ కానియ్యుండ్రి" అన్నది దేవకృపమ్మ.

విస్తర్లు పడ్డాయి. చాలా నెలల తర్వాత ఆ ఆవరణలో కుర్రవాళ్ళెవరూ మధ్యలో నీళ్ళకు లేవలేదు. వేళ్ళు నాకుతూ మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఆడవాళ్ళ బంతిలో, చివరన కూర్చున్న బుచ్చమ్మ మాత్రం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది.

"ఏందక్కా, కూరల ఉప్పు జెర తక్కువైనట్టున్నది..."

దేవకృపమ్మ ఆమె పక్కనే చతికిలబడి తన విస్తరి ముందుకు లాక్కుంది. "నాకు సుత గట్లనే ఉన్నది బుచ్చమ్మా. సప్పుడు జెయ్యక తిను. తక్కువైంది కూరల కాదు."

ఇద్దరు ముసలమ్మలూ పక్కపక్కన కూర్చుని, చప్పటి కూరతో కడుపునిండా అన్నం తిన్నారు.